గట్టెక్కిన మామిడికాయలు

కొండవాలులోని మామిడితోపును వేసవి గాలివాన ఒక్కపూటలో ఊడ్చిపారేసింది. రాలిన పచ్చికాయలన్నీ ఏరి ఎలుగమ్మ తన గుహ ముందు కుప్ప పోసింది. ఆ ఏడు ఇప్పపువ్వు లేదు, తేనెపట్టు లేదు. కూనలిద్దరికీ ఆ కాయలే దిక్కు. కొరికితేనా, పులుపుకు పళ్ళు జివ్వుమంటున్నాయి.

నక్క వచ్చి పెదవులు నాక్కుంది.

"అత్తా, బయట పెడితే కుళ్ళిపోతాయి. ఊట పక్క చలిగుహలో దాచు, కమ్మగా పండుతాయి."

"నిజమేనా, అల్లుడూ?"

"పూచీ నాది. తొలకరికీ పండలేదంటే అవి గొడ్డుకాయలే. నీకెందుకు? నేనే మోసుకుపోతాను, సరేనా?"

ఆకలిగొన్న తల్లి ఆలోచించకుండా మాటిచ్చి, కాయలన్నీ చలిగుహకు చేర్చింది. రోజులు గడిచాయి. కాయలు రాళ్ళలాగే ఉన్నాయి. పడమట మబ్బులు లేస్తున్నాయి, కూనల డొక్కలు ఎండుతున్నాయి. ఎలుగమ్మ అడవి అంచున మేస్తున్న ముసలి ఎద్దు దగ్గరికి పరుగెత్తింది.

"తాతా, చలిగుహలో దాచిన నా కాయలు చచ్చిపోయాయా?"

"చావలేదు తల్లీ, గట్టెక్కలేక ఆగాయి. నిండుబండి గట్టుకు ఇవతల ఉంటే, ఎన్నాళ్ళు చూసినా కదులుతుందా? మెడ వంచి లాగాలి. గట్టు దాటిందా, వాలులో అదే ఉరుకుతుంది. కాయ పండయ్యే దారిలోనూ అలాంటి గట్టుంది. ఎక్కించే ఎద్దు వెచ్చదనం. చలిగుహలో ఆ ఎద్దుకు కాళ్ళు కొంకర్లు పోయాయి."

"అయితే మండే బండమీద పరిచేస్తాను!"

"ఉడుకుతాయి, పండవు! బండిని తగలబెడితే గట్టెక్కుతుందా? మా రైతు ఏటా నా వరిగడ్డిలోనే కాయలు మాగవేస్తాడు. ఆ వాసనకు నాకు మేత సహించదు. పద, నా గడ్డివాములో పొదుగుదాం."

గడ్డిలో ఒక కాయ మెత్తబడింది. దాని పక్కది పసుపెక్కింది. ఆపై కుప్పంతా ఒకదాన్నొకటి తరుముకున్నట్టు పండింది. కూనలు మూతులనిండా రసం పూసుకుని నవ్వాయి.

తొలకరి చినుకులతోపాటే నక్క చలిగుహకు దిగింది. లోపల తడిరాళ్ళు తప్ప ఏమీ లేవు. వాసన పట్టుకుని గడ్డివాము చేరింది.

"అత్తా, మాటంటే మాటే! నా కాయలేవీ?"

"పండనివి నీవన్నావు. వెతుక్కో, అల్లుడూ."

నక్క గడ్డంతా తిరగేసింది. పచ్చికాయ ఒక్కటీ దొరకలేదు. ఎలుగమ్మ నాకేసిన టెంకనొకదాన్ని దాని ముందు వేసింది.

"ఇదుగో, ఇది తీసుకెళ్ళి నీ చలిగుహలో దాచుకో. కమ్మగా చెట్టవుతుంది!"

ఎద్దు నెమరు ఆపి మరీ నవ్వింది.

మొండికేసిందని దేన్నీ పారేయకు. గట్టెక్కించే వెచ్చదనం అందిందో లేదో ముందు చూడు.