బల్ల మీద సొరంగం

అనగనగా ఒక ఎర్రమట్టి కొండ, ఆ కొండ కింద ఒక గని ఊరు. ఆ ఊళ్ళో దాలినాయుడని ఒక మాస్టారు ఉండేవాడు పిల్లలూ. గని రాయిని మోసుకుపోయే రైళ్ళకి దారి ఎలా ఇవ్వాలో కుర్రాళ్ళకి నేర్పడం ఆయన ఉద్యోగం.

పాఠం చెప్పడానికి ఆయనకి ఒక పెద్ద బల్ల ఉండేది. బల్ల మీద చిన్న చిన్న పట్టాలు, అట్టతో చేసిన కొండ, ఆ కొండలో సొరంగం, రెండు బుల్లి ఇంజన్లు. పట్టాల్లో కరెంటు పారుతుంది. ఇంజను ఆ కరెంటుని చక్రాలతో అందుకుని నడుస్తుంది. ఇంజను సొరంగంలో ఉన్నంతసేపూ ఆ కరెంటుతోనే గోడ మీద ఎర్రదీపం వెలుగుతుంది. లోపల బండి ఉంది, ఇంకో బండిని వదలకండి అని దాని అర్థం. అసలు కొండలో అసలు సొరంగానికీ అలాంటి దీపమే ఉంది.

బల్ల మీద నేర్చుకున్నదే కొండ మీద చేస్తారు. బల్ల మీద తప్పితే బొమ్మ పడుతుంది. కొండ మీద తప్పితే మనిషి పోతాడు. ఈ సంగతి దాలినాయుడికి బాగా తెలుసు. తెలిసీ బద్ధకించాడు.

ఆ ఇంజన్లు పాతికేళ్ళ నాటివి. మొదట్లో చీమల బారులా ఆగకుండా నడిచేవి. ఆ తర్వాత ఒకటి మొరాయించడం మొదలుపెట్టింది. సొరంగంలోకి వెళ్ళి ఠక్కున ఆగిపోయేది. చక్రాలకి కరెంటు అందేది కాదు. కరెంటు అందకపోతే ఎర్రదీపమూ ఆరిపోయేది. బండేమో లోపలే ఉండేది, దీపమేమో దారి ఖాళీ అన్నట్టు చెప్పేది.

అప్పుడు దాలినాయుడు ఉప్పుకాగితం తెచ్చి చక్రాలు బరబరా రుద్దాడు. చక్రాలు తళతళలాడాయి. ఇంజను నాలుగు రోజులు నడిచింది. ఆ తర్వాత ఉప్పుకాగితం గీసిన గీతల్లో దుమ్ము చేరి గట్టిగా కూర్చుంది. ఇంజను మళ్ళీ ఆగింది.

అప్పుడు కుట్టుమిషను నూనె తెచ్చి పట్టాల మీద రాశాడు. ఇంజను మూడు రోజులు జారుకుంటూ నడిచింది. ఆ తర్వాత నూనె, దుమ్ము కలిసి కాటుకలా ముద్దకట్టాయి. ఇంజను మళ్ళీ ఆగింది.

పోలయ్య అని ఒక శిష్యుడుండేవాడు. బుద్ధిమంతుడు. "విప్పి చూద్దామండి మాస్టారూ. రోగం లోపలుందేమో" అన్నాడు.

"విప్పేక బిగించేదెవడ్రా, మీ తాతా?" అన్నాడు దాలినాయుడు. అందరూ నవ్వారు. పోలయ్య తల దించుకున్నాడు.

అప్పుడు దాలినాయుడు మూడో మందు కనిపెట్టాడు. కొండ వెనక చిన్న కన్నం చేశాడు. ఇంజను ఆగితే ఆ కన్నంలోంచి వేలు పెట్టి నెట్టేవాడు. ఇంజను కదిలేది, దీపం వెలిగేది. ఎవరికీ తెలిసేది కాదు. ఏడాది పొడుగునా అలాగే గడిపాడు.

ఒకరోజు గని పెద్దలు పరీక్ష చూడ్డానికి వచ్చారు. పోలయ్య బండ్లని వదిలే లివర్ల దగ్గర నిలబడ్డాడు. మొదటి బండి సొరంగంలోకి వెళ్ళింది. దీపం వెలిగింది. ఆ వెంటనే ఆరిపోయింది. బండి మాత్రం అవతలికి రాలేదు.

"మాస్టారూ, బండి బయటికి రాలేదండి" అన్నాడు పోలయ్య మెల్లిగా.

"దీపం ఆరిందా లేదా?"

"ఆరిందండి. కానీ బండి..."

"ఏటలా గుడ్లప్పగించి చూస్తావు? దీపం ఆరితే దారి ఖాళీ. రెండో బండి వదులు. మిగతాది నేను చూసుకుంటాను."

పోలయ్య లివర్ లాగాడు. దాలినాయుడు కొండ వెనక వేలు పెట్టి ఇంజనుని నెట్టాడు. రెండు బండ్లూ ఒకదాని వెనక ఒకటి చక్కగా బయటికొచ్చాయి. పెద్దలు చప్పట్లు కొట్టారు. పోలయ్యకి ఉద్యోగం ఇచ్చి, కొండ మీద అసలు రైళ్ళకి దారి ఇచ్చే కేబిన్‌కి పంపారు.

ఆ తర్వాత వానాకాలం వచ్చింది. దుప్పటి లాక్కోవద్దు, వినండి. ఒక మధ్యాహ్నం కుండపోతగా వాన కురుస్తోంది. రాయి నింపుకున్న బండి ఒకటి సొరంగంలోకి వెళ్ళి ఇంజను చెడి ఆగిపోయింది. లోపల పట్టాల మీద ఎర్రబురద పేరుకుని ఉంది. పట్టాకీ చక్రానికీ మధ్య ఆ బురద పొర అడ్డుపడింది. దీపానికి కరెంటు అందలేదు. కేబిన్‌లో ఎర్రదీపం ఆరిపోయింది.

బండి దాటితే సొరంగం అవతల ఉన్న మనిషి ఫోన్ చెయ్యాలి. ఫోన్ మోగలేదు. వెనక రెండో బండి కూతలు పెడుతోంది. పోలయ్య దీపం వంక చూశాడు, ఫోన్ వంక చూశాడు. దీపం ఆరితే దారి ఖాళీ అన్న మాట గుర్తొచ్చింది. లివర్ లాగాడు.

ఆ కొండ వెనక నెట్టే వేలు లేదు పిల్లలూ.

ఆగిన బండి చివరి పెట్టెలో గార్డు అప్పన్న కూర్చుని ఉన్నాడు. రోజూ పొద్దున్నే దాలినాయుడితో కలిసి టీ తాగే మనిషి. ఆయన్ని రెండు రోజులకి గానీ బయటికి తియ్యలేకపోయారు.

విచారణ జరిగింది. దాలినాయుడు తనంతట తనే వెళ్ళి నిలబడ్డాడు. "తప్పు వాడిది కాదండి. దీపాన్ని నమ్మమని నేనే నేర్పాను" అన్నాడు.

విచారణ చేసే దొర చిరాకుపడ్డాడు. "ఏమయ్యా, మనిషి చచ్చి మేమిక్కడ కూర్చుంటే బొమ్మరైలు కబుర్లు చెప్తావా? వెళ్ళవయ్యా!"

పోలయ్యకి జైలు పడింది. దాలినాయుడికి ఏ శిక్షా పడలేదు. పడి ఉంటే బాగుండేదని ఆయన బతికినన్నాళ్ళూ అనుకున్నాడు.

ఆ మర్నాడు ఆయన ఇంజనుని గుడ్డ మీద వెల్లకిలా పెట్టి విప్పాడు. ప్రతి చక్రం వెనకా ఒక సన్నని ఇత్తడి రేకు ఉంది. చక్రం అందుకున్న కరెంటుని లోపలికి చేరవేసేది అదే. ఆరు రేకుల్లో రెండు వంగిపోయి చక్రాన్ని తాకడమే లేదు. ఇంకొకటి విరిగి ఉంది. మిగిలినవి మసి పట్టి ఉన్నాయి. వెదురుపుల్లకి గుడ్డ చుట్టి, స్పిరిట్‌లో ముంచి మసి తుడిచాడు. వంగిన రేకుల్ని చిన్న పట్టకారుతో సరిచేశాడు. గట్టిగా నొక్కితే చక్రం తిరగదు, వదులుగా ఉంటే కరెంటు అందదు. విరిగినచోట కొత్త రేకు అతికించాడు. ఒక్కో చక్రానికీ చిన్న బల్బు తగిలించి, వెలిగాకే తర్వాతిదానికి వెళ్ళాడు.

ఇంజను సొరంగం దాటింది. దీపం ఒక్కసారైనా రెపరెపలాడలేదు. ఆయన గడియారం చూసుకున్నాడు. ఆ పనికి ఒక పూట కూడా పట్టలేదు. అప్పుడు బల్ల మీద తల ఆనించి ఏడ్చాడు.

ఆ తర్వాత కొత్త శిష్యులు వచ్చారు. అందులో పుణ్యవతి అని ఒక అమ్మాయి ఉంది. పరీక్ష రోజున దాలినాయుడు సొరంగంలో పట్టాల మీద కాగితం ముక్క పరిచాడు. ఇంజను వెళ్ళి దాని మీద ఆగింది. దీపం ఆరింది.

"రెండో బండి వదులు" అన్నాడు.

"బండి దాటడం నేను చూళ్ళేదండి."

"దీపం ఆరింది. కనిపించడం లేదా?"

"దీపం ఆరిందండి. బండి రాలేదండి."

"మాస్టారి మాట కాదంటావా? లాగుతావా, ఇంటికి పంపనా?" అని గదమాయించాడు.

పుణ్యవతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లివర్ మీంచి చెయ్యి తీసి వెనక్కి కట్టుకుంది. "పంపెయ్యండి మాస్టారూ. బండి తోక కంటితో చూడనిదే నేను లాగను."

గదిలో అందరూ బిక్కచచ్చిపోయారు. దాలినాయుడు మెచ్చుకోలేదు. నవ్వలేదు. పుస్తకం తీసి ఆమె పేరు రాశాడు. పక్కన "కొండ మీదికి పంపవచ్చు" అని రాశాడు.

కంచికి వెళ్ళే కథ ఎక్కింది బండి,
ఇంట్లోనే ఉన్న మీరు కళ్ళు మూయండి.