పిలవని పోగు

కంబగిరి స్వామి ఏ ప్రశ్నకూ అక్కడికక్కడే జవాబు చెప్పేవారు కారు. అడిగినవాడికి ఏదో ఒక పని చెప్పి పంపేవారు. పని ముగించుకుని వచ్చేసరికి ఆ ప్రశ్న ఇంకా మిగిలి ఉంటే అప్పుడు చూద్దాం అనేవారు. చాలామందికి మిగిలేది కాదు. మిగిలినవాళ్ళకు కూడా ఆయన చెప్పేది ఒకటి రెండు మాటలే, అవీ రాగుల్లో రాళ్ళు ఏరుకుంటూనో, విస్తళ్ళు కుట్టుకుంటూనో. ఉపన్యాసం కోసం దూరం నుంచి నడిచివచ్చిన పెద్దమనుషులు కొందరు మొహాలు ముడుచుకుని వెళ్ళిన మాట నిజం.

ఆయన శిష్యుల్లో సుంకన్న అని ఒకడు ఉండేవాడు. చురుకైనవాడు, ఆ సంగతి ఇతరులకంటే అతనికే బాగా తెలుసు. ఒకనాటి తెల్లవారుజాము భజనలో, ఉరుకుందు అనే తోటి శిష్యుడు పాట మధ్యలో ఆపి, "సుంకన్నా, నీ తాళం పాటకంటే ముందు పోతా ఉంది. నీ చప్పుడు నువ్వే వింటాండావు" అన్నాడు, పదిమంది ముందు. అన్నమాటలో అబద్ధం లేదు. అందుకే అది గుచ్చుకుంది. ఆ రోజు నుంచి సుంకన్న ఉరుకుందుతో మాట మానేశాడు. పదిహేను రోజులు గడిచాక మూట కట్టుకుని స్వామి ముందు నిలబడ్డాడు. కొండమీద గుహ ఒకటి చూసుకున్నానని, ఇక అక్కడ ఒంటరిగా సాధన చేసుకుంటానని చెప్పి, ఆగలేక అడిగాడు: "స్వామీ, పట్టుదల ఉన్నవాడికి తోడు ఎందుకు? ఒక్క మనిషి చేయలేని పని ఏదైనా ఉందా?"

స్వామి చేటలోంచి తల ఎత్తలేదు. "కింద గుండ్లకొట్టాలలో బోయ గిడ్డయ్య దుప్పిని కొట్టుకొచ్చాడట. ఒక్కడే ఎత్తి, ఒక్కడే కోస్తానని ఊరంతా చాటాడట. పోయి మొదటినుంచి చివరిదాకా చూసి రా."

"స్వామీ, మనది మాంసం ముట్టని మఠం."

"తినమనలేదు కదా. చూడమన్నాను."

మూట గడప దగ్గరే వదిలి సుంకన్న కొండ దిగాడు. తర్వాతి సంగతి నాకు అతనే చెప్పాడు, చాలా ఏళ్ళ తర్వాత, తన మీద తానే నవ్వుకుంటూ. అందువల్ల నేను దీన్ని నమ్ముతాను. తనను తాను పొగుడుకునే కథలైతే నేను సగమే నమ్ముతాను.

అడవికి కాపలాదారులూ చట్టాలూ రాని రోజులవి. గుండ్లకొట్టాలలో ఉన్నవి పదిహేడు ఇళ్ళు, అన్నీ వేటగాళ్ళవే. ఏ వేట పడినా పదిహేడు ఇళ్ళకూ పంచాలి. కోసినవాడు మాంసాన్ని మోదుగాకుల మీద పదిహేడు పోగులు పెడతాడు. ఎంత చూసి పెట్టినా ఒక పోగులో కార్జం ముక్క ఎక్కువ పడుతుంది, ఇంకో పోగులో ఎముక ఎక్కువ పడుతుంది. అందుకని వాళ్ళకొక కట్టుబాటు ఉంది. వేటకు పోయే మగవాడు ఒకడు పోగుల వైపు వీపు పెట్టి కూర్చోవాలి. కోసినవాడు ఒక పోగు మీద కత్తి మొన పెట్టి "ఇదెవరిది?" అని అడగాలి. అటు తిరిగి కూర్చున్నవాడు ఒక ఇంటి పేరు చెప్పాలి. ఆ పోగు ఆ ఇంటిది, ఇక దానికి తిరుగు లేదు. పిలిచేవాడు పోగులను ముందుగా చూసి ఉండకూడదు. పిలవని పోగును ఆ ఊళ్ళో ఎవరూ ముట్టరు. అలాంటి పోగు పెట్టినవాణ్ణి మళ్ళీ వేటకు తమ వెంట రానివ్వరు.

గిడ్డయ్య కోస్తే అతని అన్న మద్దిలేటి పిలిచేవాడు. ఏళ్ళ తరబడి అదే వరస. నాలుగేళ్ళ కిందట ఒక అడవిపందికి ఎవరి ఈటె ముందు తగిలిందన్న మాట మీద ఇద్దరూ తగువు పడ్డారు. పంది ఎప్పుడో చచ్చింది, అందరూ తిన్నారు, అరిగిపోయింది. తగువు మాత్రం అరగలేదు. అప్పటినుంచి గిడ్డయ్య కోస్తే, కోత చూడనివాడు ఎవడో ఒకడు వచ్చి పిలిచేవాడు. ఎదురెదురు ఇళ్ళు కావడంతో మద్దిలేటి తన అరుగు మీద తమ్ముడి వాకిలికి వీపు పెట్టి, గోడవైపు మొహం చేసుకుని కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. ఆ కూర్చోవడంలో అతనికి మెడ నొప్పి పట్టిందని కూడా చెప్పుకుంటారు.

ఈసారి దుప్పి గిడ్డయ్య చేను కంచె దగ్గరే దొరికింది. తెల్లవారుజామున ఈటెతో కొట్టి, కొమ్మ మీద పడేసి ఇంటికి ఈడ్చుకొచ్చాడు. అన్న లేకపోయినా తనకు ఏ పనీ ఆగదని ఊరికి చూపించాలని అతని పంతం. ఇంటింటికీ పోయి మరీ, "రాండి, చూడండి, గిడ్డడు ఒక్కడే కోస్తాడు" అని పిలిచాడు. వానలు లేని ఏడాది అది. ఊరు మాంసం కూర తిని మూడు నెలలైంది. పనులు మానుకుని అందరూ వచ్చి వాకిట్లో కూర్చున్నారు. సుంకన్న వెళ్ళేసరికి దుప్పి వేపచెట్టు కింద పడి ఉంది. నిండా పెరిగిన పోతు. ఇద్దరు మనుషులు మోయవలసిన బరువు.

సుంకన్న చేయి వేయబోతే గిడ్డయ్య నవ్వి, "కూసో సామీ, నీ చేతులు తాళాలకు పనికొస్తాయి" అన్నాడు. ఆ మాట సుంకన్నకు ఇంకోచోట తగిలిందనుకోండి.

పనిలో మాత్రం గిడ్డయ్యకు వంక పెట్టలేం. వెనక కాళ్ళ మోకీళ్ళ దగ్గర నరానికీ ఎముకకూ మధ్య గాటు పెట్టి, ఆ గాట్లలోంచి ఒక గట్టి కర్ర దూర్చాడు. కర్ర నడుమ తాడు కట్టి, తాడును వేపకొమ్మ పంగలోంచి వేసి, రెండో కొసను ఎద్దును కట్టే గుంజకు తెచ్చాడు. తర్వాత ఒక్కసారిగా లాగలేదు. జానెడు లాగడం, గుంజకు ఒక చుట్టు చుట్టడం, ఊపిరి తీసుకోవడం; మళ్ళీ జానెడు. చుట్టిన తాడు బరువును పట్టుకునేది, అతను ఊరికే నిలబడేవాడు. ఇరవై చుట్లకు దుప్పి కొమ్ములు నేలను వదిలాయి. వాకిట్లో కూర్చున్నవాళ్ళు "అబ్బా" అన్నారు. గిడ్డయ్య వినబడనట్టు నటించాడు కానీ మీసం కదిలింది.

చర్మం ఒలవడం మొదలుపెట్టాక కత్తి చాలాసేపు పక్కనే పడి ఉంది. కాళ్ళ దగ్గర చుట్టూ కోసి, పిడికిలి లోపలికి దూర్చి కిందికి నొక్కుతూ పోయాడు. వేలాడుతున్న బరువే చర్మాన్ని విడిపించింది. పేగు కొసను ముందుగా నారతో బిగించి కట్టాడు. కడుపు తెరిచేటప్పుడు కత్తి మొనను తన వేళ్ళ మధ్య పెట్టుకుని, మొన లోపలికి తగలకుండా పైకి కోశాడు. చేదు తిత్తిని రెండు వేళ్ళతో, పసిబిడ్డ చేతిలోంచి గాజు తీసినట్టు తీసి, దూరంగా పారేశాడు. అది చిట్లి ఉంటే కూరంతా పాడయ్యేది. జబ్బలు, తొడలు, డొక్కలు, మెడ, అన్నీ కీలు చూసి విడదీశాడు. ఎక్కడా గొడ్డలి ఎత్తలేదు. చచ్చిన జంతువును కోయడం చూడలేననుకున్న సుంకన్న, కళ్ళు తిప్పుకోలేక చూశాడు. ఒక్క మనిషి చేయలేనిది ఏదీ లేదని ఆ క్షణాన అతనికి రూఢి అయిపోయింది. కొండెక్కి మూట తీసుకోవడమే మిగిలిందనుకున్నాడు.

పొద్దు నడినెత్తికి వస్తుండగా పదిహేడు పోగులు మోదుగాకుల మీద వరసగా కూర్చున్నాయి. గిడ్డయ్య చేతులు తుడుచుకుని, కత్తి ఎత్తి, "ఊ, ఎవరు పిలుస్తారు?" అన్నాడు.

ఎవరూ లేవలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు గానీ వాళ్ళకు తట్టలేదు: ఊళ్ళో మగవాళ్ళందరూ పొద్దుటినుంచి అక్కడే కూర్చుని, ఏ ముక్క ఏ ఆకు మీద పడిందో కళ్ళారా చూశారు. పిలిచి మరీ కూర్చోబెట్టి చూపించింది గిడ్డయ్యే.

"తిమ్మక్కతో పిలిపిద్దాం, ఆమెకు చూపు లేదు కదా" అన్నాడొకడు, కట్టుబాటు కాస్త సడలించి. ముసలి తిమ్మక్క మూల నుంచి నవ్వింది. "చూపు ల్యాకపోతేనేం, ముక్కు ఉంది కదా నాయనా. కార్జం ఉండే పోగు ఆ చివర నుంచి మూడోది. చెప్పమంటావా?"

సుంకన్న ముందుకొచ్చి, "నేను పిలుస్తాను. నాకు మాంసం మీద ఆశ లేదు" అన్నాడు.

"ఆశ సంగతి కాదు సామీ," అన్నాడు గిడ్డయ్య, "నువ్వూ చూసినావు. పైగా మా ఇండ్ల పేర్లు నీకేం తెలుసు?"

ఈగలు ముసురుతున్నాయి. ఎండ ముదిరితే కూర నిలవదు. పిలవకుండా పంచితే ఎవరూ ముట్టరు. పంచకపోతే మూడు నెలల తర్వాత వచ్చిన కూర ఊరి కళ్ళ ముందు గద్దల పాలవుతుంది, గిడ్డయ్యకు ఇక వేట ఉండదు. అతను ఒకసారి తానే పోగులకు వీపు పెట్టి చూశాడట. రెండు క్షణాలు నిలబడి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ ఇటు తిరిగాడు. తాను పెట్టిన పోగులను మరిచిపోవడం అతని చేతిలో లేదు. అంతసేపూ చెమట పట్టని మనిషికి అప్పుడు పట్టింది.

ఊళ్ళో చూడనివాడు ఒక్కడే ఉన్నాడు. దారికి అవతల అరుగు మీద, గోడవైపు మొహం పెట్టుకుని, పొద్దుటినుంచీ ఒక్కసారి కూడా తల తిప్పకుండా.

గిడ్డయ్య కత్తి కింద పెట్టాడు. చేతులు మళ్ళీ కడుక్కున్నాడు. ఆ పది అడుగులూ నడవడానికి అతనికి పట్టినంత సేపు, దుప్పిని కొమ్మకు ఎత్తడానికి కూడా పట్టలేదని సుంకన్న అనేవాడు. అరుగు దగ్గర ఆగి, అన్న వీపుతో మాట్లాడాడు.

"అన్నా, పోగులు పెట్టినా. పిలిచేటోళ్ళు ల్యారు."

వీపు కదల్లేదు. "ఎన్ని పెట్టినావు?" అని వినబడింది.

"పదిహేడు."

"నా ఇల్లు కలిపేనా?"

"నిన్ను ఇడిసిపెడితే అది పోగెట్లయితాది అన్నా?"

"నేను మాత్రం నీ వాకిలి పక్క తిరిగేది లేదు" అన్నాడు మద్దిలేటి.

"తిరగొద్దనే కదా అడిగేది" అన్నాడు గిడ్డయ్య. అతని గొంతులో నవ్వుందో ఏడుపుందో సుంకన్నకు తెలియలేదు.

గిడ్డయ్య వెనక్కి వచ్చి మొదటి పోగు మీద కత్తి మొన ఆనించి, దారి దాటి వినబడేలా అరిచాడు: "ఇదెవరిది?" అరుగు మీద నుంచి, గోడకు తగిలి, జవాబు వచ్చింది: "తిమ్మక్కది." తిమ్మక్క కోడలు వచ్చి ఆకు మడిచి ఎత్తుకుంది. "ఇదెవరిది?" "కౌలుట్లది." "ఇదెవరిది?" "పెద్ద నాగన్నది." పేరు వెనక పేరు, పదిహేను ఇళ్ళు అయ్యాయి. నాలుగేళ్ళుగా ఊరికి ఎడంగా కూర్చున్నవాడు ఒక్క ఇంటినీ మరిచిపోలేదు.

రెండు పోగులు మిగిలాయి. ఒకటి నిండు జబ్బ ముక్కలది. రెండోది మెడ ఎముకలది. పిలవవలసిన పేర్లు కూడా రెండే అని అందరికీ తెలుసు. గిడ్డయ్య కత్తి మొనను మెడ ఎముకల పోగు మీద పెట్టాడు.

"ఇదెవరిది?"

మద్దిలేటి ముందు తన పేరే చెప్పుకోవచ్చు. అప్పుడు తమ్ముడి పేరు చివరికి, వేరే దారి లేక పలికినట్టవుతుంది.

"మా గిడ్డనిది" అన్నాడు.

గిడ్డయ్య అక్కడే, పోగు పక్కనే చతికిలబడి మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. మిగిలిన పోగు ఎవరిదో అడగవలసిన అవసరం లేదు. అయినా కట్టుబాటు కట్టుబాటే కనుక, తల ఎత్తకుండానే అడిగాడు. "ఇంకెవరిదిరా, నాదే కదా" అంటూ మద్దిలేటి అరుగు దిగాడు. దారి దాటి వచ్చి, రెండు ఆకులనూ చూసి, "జబ్బ నాకొచ్చి బొక్కలు నీకొచ్చెనే! అడిగేదన్నా నేర్చుకోకపోతివి కదరా" అన్నాడు. అందరూ నవ్వారు. సుంకన్నకు మాత్రం కళ్ళు తడిశాయి, ఎందుకో చెప్పలేకపోయాడు.

అతను కొండెక్కేసరికి స్వామి చేటలో రాగులు ఇంకా ఏరుతూనే ఉన్నారు. మూట గడప దగ్గరే ఉంది. అరుగు చివర ఉరుకుందు అటు తిరిగి కూర్చుని తాళాలకు కొత్త తాడు కడుతున్నాడు. సుంకన్న జరిగినదంతా చెప్పాడు, తాడు చుట్ల దగ్గరనుంచి మెడ ఎముకల దాకా. చెప్పి, పంతం పూర్తిగా చావక, "ఏమైనా స్వామీ, ఎత్తడం, ఒలవడం, కోయడం, అన్నీ ఒక్కడే చేశాడు" అన్నాడు.

స్వామి చేట పక్కన పెట్టారు.

"నువ్వూ చేయగలవు నాయనా, నాకేం అనుమానం లేదు. గుహకు హాయిగా పో. 'ఇదెవరిది' అని అడిగినప్పుడు అటు తిరిగి కూర్చునేవాణ్ణి ఒకణ్ణి మాత్రం వెంటబెట్టుకుని పో."