పిందె పుర్రచెయ్యి

పిల్లలూ, ముందే చెబుతున్నాను, ఇది నవ్వించే కథ కాదు. మధ్యలో ఏడుపొస్తే నన్ను తిట్టకండి.

అనగనగా ఒక కొండవాగు, ఆ వాగు పక్కన ఒక అడవి. ఆ అడవి నిండా వెలగచెట్లే. వెలగకాయ పెంకు ఎంత గట్టిదో మీకు తెలుసు కదా! అక్కడి కోతులు వాగు ఒడ్డునున్న పొడుగాటి బండ ముందు వరసగా, భుజానికి భుజం తగిలేలా కూర్చునేవి. చేత్తో రాయి పట్టుకుని కాయలు పగలగొట్టుకు తినేవి. అందరూ కుడిచెయ్యే ఎత్తాలి. అది ఆ గుంపు ఆచారం.

ఆ గుంపులో మోదుగ అనే తల్లికోతి ఉండేది. దానికి లేకలేక పుట్టిన కూతురు పిందె. పిందెది పుర్రచెయ్యి. అమ్మ బొచ్చు పట్టుకున్నా, పండు కోసినా, ముందు ఎడమచెయ్యే వెళ్ళేది. ఆ చేత్తోనే కొమ్మలు పట్టుకుని దూకేది. దూకడంలో దాన్ని మించిన పిల్ల ఆ అడవిలోనే లేదు.

ఆ ఏడు పిందెకి బండ దగ్గర కూర్చునే వయసొచ్చింది. ఎడమచేత్తో రాయి ఎత్తింది. దాని మోచెయ్యి పక్కవాడి మోచేతికి తగిలింది. వాడి కాయ జారి వాగులో పడింది.

గుంపు పెద్ద జెముడయ్యకి కోపం ముక్కు మీదే ఉంటుంది.

"ఏయ్ మోదుగా! నీ పిల్లకి ఏ చెయ్యి వాడాలో తెలీదా? వానలు పడేలోగా కుడిచెయ్యి అలవాటు చెయ్యి. లేదంటే అది ఈ బండ దగ్గరికి రానక్కర్లేదు, ఈ గుంపులోనూ ఉండక్కర్లేదు" అన్నాడు.

గుంపులో లేని కోతిపిల్ల చిరుతపులికి ఒక్క ముద్ద. ఆ సంగతి మోదుగకి బాగా తెలుసు.

మోదుగ తల్లి, ముసలి ఈదమ్మ, ఊరుకోలేదు.

"ఒరేయ్ జెముడూ, చింతగింజ పగలగొడితే లోపల రెండు బద్దలుంటాయి. తలకాయలోనూ అంతేరా. కొందరికి ఈ బద్ద గట్టి, కొందరికి ఆ బద్ద గట్టి. అది అమ్మ కడుపులోనే తేలిపోతుంది. మార్చడం నీ వల్లా కాదు, నా వల్లా కాదు. పిల్లని వరసలో ఎడమ చివర కూర్చోబెట్టు. ఎవరికీ మోచెయ్యి తగలదు" అంది.

ఎంత తేలికైన మాటో చూశారా! కానీ ఆ ఎడమ చివర నీడ ఉంది. నీడ ఉన్నచోట గుంపు పెద్దే కూర్చుంటాడు.

"నిన్నగాక మొన్న పుట్టిన పిల్లకి నా చోటు ఇవ్వాలా?" అని జెముడయ్య గుర్రుమన్నాడు.

మిగతా కోతులు ఒక్కటీ నోరు విప్పలేదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

మోదుగ ఒక తీగ తెంపింది. పిందె ఎడమచేతిని దాని ఒంటికే కట్టేసింది.

"అమ్మా, నొప్పిగా ఉంది" అంది పిందె.

"ఓర్చుకో తల్లీ, నీ మంచికే" అంది మోదుగ.

"అమ్మా, దూకలేకపోతున్నాను."

"నేను ఎత్తుకుంటాగా."

"అమ్మా, ఈ చెయ్యి చెడ్డదా?"

మోదుగ ముడి ఇంకొంచెం బిగించింది. తీగ విప్పినప్పుడు ఎడమచెయ్యి ముందుకొస్తే చాలు, దాని మీద ఒక్కటి వేసేది. వేసి, అటు తిరిగి ఏడ్చేది.

చివరికి పిందె నేర్చుకుంది. కుడిచేత్తో వంకరటింకరగా కొట్టి కాయ పగలగొట్టింది. "ఇప్పుడు బాగుంది" అన్నాడు జెముడయ్య. మోదుగ తీగ విప్పి పారేసింది. గండం గడిచిందనుకుంది.

వానలకి వాగు పొంగిన రోజున చిరుత వచ్చింది. కోతులన్నీ ఒడ్డునున్న చెట్టెక్కి, అవతలి ఒడ్డు నేరేడుకొమ్మ మీదకి దూకాయి. మోదుగ కూడా దూకి, వెనక్కి తిరిగి, "దూకు పిందే!" అని అరిచింది.

పిందె దూకింది. ఎడమచెయ్యి తనంతట తనే ముందుకు వెళ్ళింది. వేళ్ళకి కొమ్మ తగిలింది కూడా. అంతలోనే, అమ్మ కొడుతుందనుకుందేమో, పిందె ఆ చెయ్యి వెనక్కి లాక్కుంది. కుడిచెయ్యి చాచింది. దానికి కొమ్మ అందలేదు.

ఎర్రటి వాగునీళ్ళలోంచి "అమ్మా" అని ఒక్కసారే వినిపించింది. మోదుగ ఒడ్డు వెంట చాలా దూరం పరిగెత్తింది. పిందె దొరకలేదు.

"పాపం, దూకడం చేతకాని పిల్ల" అన్నాడు జెముడయ్య.

"దాన్ని అలా అనకు పెద్దయ్యా! దూకడం దానికి ఎవరూ నేర్పకుండానే వచ్చింది. నేనే మరిపించాను. నా బిడ్డని నేనే చంపుకున్నాను" అని మోదుగ గుండెలు బాదుకుంది.

మళ్ళీ వెలగకాయల కాలం వచ్చింది. గోగు అనే తల్లికోతి తన కొడుకు ఎడమచేతికి తీగ చుడుతోంది. మోదుగ పరిగెత్తుకెళ్ళి ఆ తీగ పట్టుకుంది.

"వద్దే గోగూ! నీ కాళ్ళు పట్టుకుంటాను, కట్టకే!" అంది.

గోగు కళ్ళనిండా నీళ్ళే. "నాకు మాత్రం ఇష్టమా అక్కా? మరి ఆయన ఆ చోటు ఇస్తాడా?" అంది.

జెముడయ్య నీడలో కూర్చుని కాయ పగలగొట్టుకుంటున్నాడు. ఒక్క అంగుళం కూడా జరగలేదు. గోగు అటు చూసి, మోదుగ వేళ్ళు విడిపించుకుని, ముడి వేసింది.

నీతి: పుట్టుకతో వచ్చిన చేతిని మార్చుకోమని పిల్లల్ని కొట్టడం కన్నా, పెద్దలు తాము కూర్చున్న చోటు నుంచి కాస్త జరగడం తేలిక.