సాలీడు కడుపు ఏ రంగు?

దగ్గరకు జరగండర్రా. కింద చూసుకుని మరీ కూర్చోండి, ఇవాళ్టి కథ సాలీడుది.

ఒకానొక రాజ్యంలో చండసింహుడనే రాజు ఉండేవాడు. తనకు భయమంటే తెలియదని రోజూ సభలో చెప్పించుకునేవాడు. ఒకనాడు పూలు తెచ్చే పేరమ్మ బుట్ట దించి అటు తిరిగిందో లేదో, ఒక సాలీడు రాజు పాదం మీదికి ఉరికింది. రాజు సింహాసనంతో సహా వెల్లకిలా పడ్డాడు. సభ మొత్తం ఆ క్షణాన పైకప్పు కేసి చూసింది. ఆయన లేచాక, ప్రభువు కొండలా కదలకుండా కూర్చున్నారని అందరూ పొగిడారు.

అయినా రాజు మనసు కుదుటపడలేదు. ఇటూ అటూ పచార్లు మొదలుపెట్టాడు. ఆ సాలీడు కోట పెరటిదైతే సరే, పూలతోటదైతే మాత్రం బుట్టలోనే వచ్చినట్టు లెక్క, పొద్దుగూకేలోగా పేరమ్మ రాజ్యం విడిచి పోవాలన్నాడు.

సాలీడు అప్పటికే ఎటో పోయింది. పోల్చి చూడ్డానికి భటులు తోటలో ఒకటి, పెరట్లో ఒకటి వెతికి పట్టి, రెండు గాజుకుప్పెల్లో తెచ్చారు. రెండూ గూడు అల్లకుండా నేలమీద పరుగెత్తి వేటాడే రకమే. రెండింటి వీపు మీదా తెల్లటి చారే. సభలో ఒక్కరి కాలూ నేలమీద నిలవడం లేదు. గుమ్మం దగ్గర పేరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

రాజు తోట సాలీడును చూపించి, అచ్చం ఇలాంటిదేనని తేల్చేశాడు.

ఆ కొలువులో కొమ్మన అని మాటకారి ఒకడున్నాడు. కుప్పెలు రెండూ పైకెత్తి అడుగు నుంచి చూశాడు.

“ప్రభూ, వీపులు ఒకలాగే ఉన్నాయి. తేడా అంతా కడుపులోనే. తోటదానికి నలుపు, పెరటిదానికి ఇటుక రంగు. తమరు చూసింది ఏ రంగో?”

“నలుపే. ఈ కళ్లతోనే చూశాను.”

కొమ్మన బుర్ర గోక్కున్నాడు.

“తమరు కొండలా కూర్చునే ఉన్నారని సభవారు అంటున్నారు. కూర్చున్నవారికి పాదం మీది సాలీడు వీపు కనబడుతుంది గానీ కడుపెలా కనబడుతుంది ప్రభూ? అది పైన, తమరు కింద వెల్లకిలా ఉంటే తప్ప కనబడదే. సెలవైతే సభవారిని మరోసారి అడుగుతాను.”

సభ మళ్లీ పైకప్పు కేసి చూసింది.

రాజు నడక ఆగిపోయింది. కొమ్మన వంక చూశాడు, పేరమ్మ వంక చూశాడు. మీసం కింద నవ్వు ఆపుకోలేకపోయాడు.

“పడ్డానయ్యా కొమ్మనా, వెల్లకిలానే పడ్డాను. కానీ వీపూ చూడలేదు, కడుపూ చూడలేదు. కళ్లు గట్టిగా మూసుకున్నాను.”

ఇక సభంతా నవ్వులే. రాజు పేరమ్మను నిశ్చింతగా ఇంటికి వెళ్లమన్నాడు. తన మెడలోని ముత్యాల హారం తీసి కొమ్మన మెడలో వేశాడు.

లేవండర్రా ఇక, అమ్మలు అన్నం వడ్డించి చూస్తుంటారు. దారిలో సాలీడు కనబడితే తొక్కకుండా పక్కనుంచి పొండి.