దుబ్బన్న గోనెచొక్కా

నల్లగుట్ట మీద తోడేళ్ల పెత్తనం కూలదోసిన వీరుడెవరని ఏ మేకనడిగినా అడవిపంది దుబ్బన్న పేరే చెబుతుంది. పోరాటం మొదలైన రోజున తొడిగిన గోనెచొక్కా, తోడేళ్లు పారిపోయి ఏడాదైనా ఆయన విప్పలేదు. ఇక స్నానం సంగతి నన్నడక్కండి. ఆయన వస్తున్నాడంటే గాలే ముందుగా వచ్చి కబురు చెప్పేది. మేకపిల్లలు అదేదో విప్లవ పరిమళం అనుకుని తామూ ఒళ్లు కడుక్కోవడం మానేశాయి. దాంతో తల్లిమేక పోశవ్వకు ఒళ్లు మండింది.

"అన్నా, ఒక్కసారి వాగులో మునిగి రారాదూ?"

"శత్రువు పోయేదాకా నీళ్లు తాకనని ఒట్టు పెట్టుకున్నా పోశవ్వా."

"శత్రువు నిరుడే పోయాడు కదన్నా."

"వాడి ఆలోచన ఇంకా ఉంది."

"ఆలోచన పోగొట్టడానికి ఈ కంపు సరిపోతుందిలే, కానీ మా పిల్లలు పాడైపోతున్నారు."

పిల్లల మాట ఎత్తేసరికి దుబ్బన్న మెత్తబడ్డాడు. "మునుగుతా. చొక్కా మాత్రం ఉతకను. అది చరిత్ర."

వాగొడ్డున చొక్కా పొదమీద వేసి ఆయన నీళ్లలో దిగాడో లేదో, మేకపిల్లల కోసం ఎన్నాళ్లుగానో కాచుకుని ఉన్న గంగులు నక్క దాన్ని తొడుక్కుని, ముక్కు మూసుకుని, మేకల మంద ఉండే దొడ్డికేసి బయల్దేరింది.

కాపలా పొట్టేలు కొమరయ్య మధ్యాహ్నం కునుకులో ఉన్నాడు. కళ్లు తెరవకుండానే వాసన చూసి, "రా అన్నా," అన్నాడు.

లోపల పోశవ్వ మూతి తిప్పుకుంది. "మునగలేదా?"

నక్క గోనె మొహం మీదికి లాక్కుని గొంతు బొంగురు చేసింది. "నీళ్లు చల్లగా ఉన్నాయి. వాయిదా వేశా."

అచ్చం దుబ్బన్న మాటే. పోశవ్వకు అనుమానమే రాలేదు.

"పిల్లల్ని వరసలో నిలబెట్టు. గుట్ట వెనక్కి కవాతుకు తీసుకెళ్లాలి."

ఈలోగా నిగనిగలాడుతూ దుబ్బన్న వచ్చాడు. కొమరయ్య కొమ్ములు అడ్డం పెట్టాడు. "ఎవరు నువ్వు?"

"దుబ్బన్ననురా."

"అన్న లోపలున్నాడు. అయినా ఇంత శుభ్రంగా ఉన్నవాడు పోరాటం చేశాడంటే ఎవడు నమ్ముతాడు?"

లోపల్నుంచి నక్క, "వాడు తోడేళ్ల గూఢచారి, తరమండి," అంది. పొట్టేళ్లన్నీ చుట్టుముట్టాయి. తనవాళ్ల మీద కోర ఎత్తలేక దుబ్బన్న నిలబడిపోయాడు. మేకపిల్లలు అప్పటికే నక్క వెంట నడుస్తున్నాయి.

అప్పుడు మొదలైంది అసలు సంగతి. గోనె కుట్లలో కాపురముండే నల్లులు ఇన్నాళ్లూ పందితోలు కొరకలేక పస్తులున్నాయి. నక్క లేతచర్మం దొరకగానే పండగ చేసుకున్నాయి. నక్క వీపు గోక్కుంది, గెంతింది, మట్టిలో దొర్లింది. ఆఖరికి తట్టుకోలేక చొక్కా పీకి పారేసింది. ఎర్రటి తోక బయటపడింది.

"ఇదా మన అన్న?" అంటూ పోశవ్వ కొమ్ముతో ఒక్క కుమ్ము కుమ్మింది. నక్క కంచె దూకి, గోక్కుంటూనే పారిపోయింది.

దుబ్బన్న ఛాతీ పొంగించాడు. "చూశారా, నా చొక్కా మీ పిల్లల్ని కాపాడింది."

"నక్కను లోపలికి తెచ్చిందీ అదేనన్నా," అంటూ పోశవ్వ ఆయన ముందు గుప్పెడు కుంకుడుకాయలు పెట్టింది. "నీ చరిత్రను కొంచెం నానబెట్టు."

వీరుడు కుంకుడుకాయలూ చొక్కా పట్టుకుని వాగుకేసి నడిచాడు.

నాయకుణ్ణి చేసిన పనిని బట్టి గుర్తుపట్టాలి గాని, ఒంటి కంపును బట్టి కాదు.