నీలగండి కోటలో డీజిలు తగువు

నీలగండి రాజావారికి ఓ ఉదయం పికప్ బండి కొనాలని బుద్ధి పుట్టింది.

రాజ్యం పోయి డెబ్భై ఏళ్ళు దాటింది. కోటలో సగం గదుల్లో పావురాలు కాపురముంటున్నాయి. అయినా ఉపేంద్ర భూపతిగారు రోజూ ఎనిమిదింటికల్లా దర్బారు తీరుస్తారు. ఏదో ఒక తీర్పు చెబితే గాని కాఫీ ముట్టరు.

"ముందు రెండు వరుసల సీట్లు, వెనక తొట్టి. రాణిగారు, మాటలు రాని మా చిన్నబాబు, వాడి ఉయ్యాల, మామిడిపళ్ళ బుట్టలు, అన్నీ ఒక్క బండిలో పట్టాలి," అన్నారు. "నడిపి చూడ్డానికి పట్నం నుంచి రెండు బళ్ళు తెప్పించాం. ఒకటి డీజిలు, ఒకటి పెట్రోలు. ఇంటి తిరుగుళ్ళకి ఏది మేలో రేపు సాయంత్రంలోగా తేల్చాలి."

సభలో ఉన్నది ఇద్దరే. ఒకడు పోలినాయుడు, పంతొమ్మిదేళ్ళుగా కోట డ్రైవరు. రెండోవాడు దిగ్విజయ బాబు, రాజావారి పినతల్లి కొడుకు. ఈయన ఎప్పుడో ఏడాదిపాటు ఏదో కార్ల షోరూములో కుర్చీ అరగదీశాడు. అప్పట్నుంచి చక్రమున్న ప్రతి వస్తువుకీ తానే పండితుణ్ణనుకుంటాడు. తోపుడు బండి కనబడినా ఆపి సలహా చెబుతాడు.

"ఇందులో తేల్చడానికేముంది అన్నయ్యా? డీజిలే!" అన్నాడు. "పెట్రోలు బండి కూడా ఓ బండేనా? అత్తరు సీసా!"

పోలినాయుడు చేతులు కట్టుకుని అన్నాడు. "ప్రభూ, బరువు లాగాలన్నా, దూరాలు పోవాలన్నా డీజిలే మంచిది. లీటరుకి నాలుగు మైళ్ళు ఎక్కువే పోతుంది. కానీ మన తిరుగుళ్ళన్నీ ఊళ్ళోనే. గుడికి రెండు మైళ్ళు, ఆసుపత్రికి మూడు. ఇంజను వేడెక్కేలోపే దిగిపోతాం. రోజూ అలా చేస్తే లోపల పొగ వడపోసే జల్లెడ మసితో పూడుకుపోతుంది. పైగా ఆ చప్పుడుకి చిన్నబాబు..."

"చప్పుడంట!" దిగ్విజయ బాబు పకపకా నవ్వాడు. "అది వీణానాదంరా! ఆ మోతలో హాయిగా నిద్రపోవచ్చు. స్టీరింగు తిప్పేవాడివి నీకేం తెలుస్తుంది? అన్నయ్యా, నా మాట నెగ్గితే డ్రైవరు పని మా మనిషికి ఇప్పించండి. వీడికి వయసు మళ్ళింది."

రాజావారు మీసం దువ్వుకుని, "సరే, ఓడినవాడు నోరు మూసుకోవాలి. నాయుడూ, నువ్వోడితే తాళాలు అప్పగించెయ్," అన్నారు.

పోలినాయుడు బొడ్డులోని తాళాల గుత్తి తడుముకున్నాడు. పంతొమ్మిదేళ్ళ కొలువు, ఓ ఇంజను పాలు!

ఆ సాయంత్రం దిగ్విజయ బాబు డీజిలు బండికి దుంగల ట్రైలరు తగిలించి కోట మెట్ట ఎక్కించాడు. బండి నల్లగా బుసకొట్టి దర్జాగా పైకొచ్చింది. దిగి, ఆ ట్రైలరుని తానే భుజాన మోసుకొచ్చినట్టు చెమట తుడుచుకున్నాడు.

"ఏం నాయుడూ, నీ అత్తరు సీసా లాగుతుందా?" అని రాజావారు అడిగారు.

"లాగదు ప్రభూ. రాణమ్మగారు దుంగలు వేసుకుని గుడికెళ్ళరు గదా అని ఊరుకున్నాను. రేపు భోజనాలయ్యాక తమరూ రాణమ్మగారూ పెరటి వరండాలో, స్తంభాల వెనక కాసేపు నిలబడితే చాలు. తీర్పు నేను చెప్పను. బాబుగారే చెబుతారు."

మర్నాడు దిగ్విజయ బాబు నేతి గారెలు లెక్కలేకుండా లాగించి, అలవాటు ప్రకారం పెరటి గదిలో కిటికీ తెరుచుకుని నడుం వాల్చాడు. క్షణంలో గురక అందుకుంది.

పోలినాయుడు రెండు బళ్ళనూ పొద్దున్నే ఆ కిటికీ కింద నిలిపి ఉంచాడు. ముందు పెట్రోలు బండి స్టార్టు చేశాడు. గురకకి అడ్డు రాలేదు. పావుగంట గడిచింది. గురక ఇంకా పెరిగింది.

అప్పుడు దాన్ని అలాగే ఉంచి, చల్లబడి ఉన్న డీజిలు బండి తాళం తిప్పాడు.

గడగడగడమంది. కిటికీ అద్దాలు వణికాయి. పావురాలు లేచిపోయాయి. గదిలో ఏదో దబ్బున కిందపడింది. అది దిగ్విజయ బాబే. లుంగీ ఒక చేత్తో పట్టుకుని, బనియనుతో వరండాలోకి ఊడిపడ్డాడు.

"ఎవడ్రా అది! మనిషన్నవాడు కాసేపు కునుకు తియ్యొద్దా? ఆపు ఆ డొక్కు బండి!"

పోలినాయుడు వినయంగా వంగాడు. "ఏ బండి ఆపమంటారు బాబూ? రెండూ నడుస్తున్నాయి."

"కళ్ళు లేవా? ఇదిగో ఈ డీజిలుది! చెవుల్లో మేకులు దిగుతున్నాయి!"

"మరి పెట్రోలుది?"

"అది నడుస్తోందా? వినబడితే గదా!"

స్తంభాల వెనక రాణిగారు కిసుక్కుమన్నారు. దిగ్విజయ బాబు అటు తిరిగి, గబగబా లుంగీ ముడి బిగించాడు.

"అన్నయ్యా, అది... నిద్రమత్తులో అన్న మాట. నిద్రలో ఉన్నవాడి మాట లెక్కలోకి తీసుకుంటారా?"

పోలినాయుడు ఇంకాస్త వంగాడు.

"చిన్నబాబుగారు కూడా బండెక్కగానే నిద్రపోతారు బాబూ. కాకపోతే లేపితే మీలా తిట్టడం ఆయనకింకా రాదు. ఏడుస్తారంతే."

రాజావారు స్తంభం పట్టుకుని మరీ నవ్వారు. రాణిగారు పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వంటింటి వాళ్ళు సైతం గరిటెలతో పరుగెత్తుకొచ్చి సంగతి తెలిసి విరగబడి నవ్వారు.

"పెట్రోలు బండే కొంటున్నాం," అంటూ రాజావారు తన వేలి పచ్చల ఉంగరం తీసి పోలినాయుడి వేలికి తొడిగారు. "దాని తాళం నీ బొడ్డులో ఉన్నంత కాలం ఈ కోటలో నీ కొలువుకి ఢోకా లేదు. ఇక ఆ డీజిలుది ఆపవోయ్, మా తమ్ముడు పడుకోవాలి!"