చీటీ లేని సీసా

గవరయ్య మాస్టారికి ఒక వింత అలవాటు ఉండేది. ఏటా బడి తెరవగానే ప్రయోగశాలలోని ఉప్పు, పంచదార, బట్టల సోడా వంటి ప్రమాదం లేని తెల్లపొడుల సీసాలను నీళ్లలో నానబెట్టి, వాటి పేర్ల చీటీలు ఊడదీసేవారు. కొందరు దాన్ని చాదస్తమనేవారు. కొందరు అంతకంటే పెద్ద మాటే అనేవారు. ఆయన నవ్వి ఊరుకునేవారు.

ఆయన దగ్గరే చదువుకుని, ఆ ఏడే అదే బడికి టీచరుగా వచ్చిన హైమావతి ఒకనాడు పొద్దున్నే ఆయన్ను అడిగింది.

"మాస్టారూ, మా పదో తరగతి పిల్లలు ఏ పదార్థం సూత్రం రాసినా పేరు గడగడా అప్పజెబుతారు. రేపు తనిఖీకి అధికారిగారు వస్తున్నారు. మీరు మాత్రం ఒక్కనాడూ బాగుందనలేదు. పేర్లన్నీ వచ్చాక ఇంకేం రావాలండీ?"

ఆమె గొంతులో గర్వం ఉంది. ఉండదూ మరి, ఆ గొంతు పోయేదాకా వల్లె వేయించింది! ఒక్క చిన్నమ్మలు అనే పిల్లతోనే ఆమెకు బెంగ. ఎంత చెప్పించినా ఆ పిల్ల నోట పేర్లు నిలిచేవి కావు. రేపు అధికారి కంట పడకూడదని ఆ పిల్లను చివరి వరసలోకి పంపేసింది.

మాస్టారు పిల్లలందరినీ ప్రయోగశాలకు పిలిపించి, చీటీ ఊడిన సీసా ఒకటి బల్లమీద పెట్టి, "దీని పేరేమిటర్రా?" అన్నారు.

పిల్లలు సీసా చుట్టూ చీటీ కోసం వెతికారు. క్లాసులో ఫస్టు వచ్చే లోకనాథం మూత తీసి వేలు అద్దబోయాడు. మాస్టారు వాడి చెయ్యి పట్టుకుని, "రుచి చూడ్డం వంటింట్లోరా, ఇక్కడ కాదు" అన్నారు. హైమావతి ముఖం మాడిపోయింది.

అప్పుడు వెనకనుంచి చిన్నమ్మలు ముందుకొచ్చింది. "పేరు నాకు తెల్దండి. అదేటి సేత్తాదో సూత్తానండి."

పొడిని స్వేదనజలంలో కలిపి బల్బు తగిలించిన బ్యాటరీ తీగలు ముంచింది. బల్బు వెలిగింది. "పంచదారైతే ఎలగదండి. అందులో ఎలక్ట్రాన్లు ఉమ్మడి సొత్తు. ఇందులో ఒకడిచ్చేసాడు, ఇంకొకడు పుచ్చుకున్నాడు" అంది. ఆమ్లం చుక్క వేస్తే పొంగలేదు గనక సోడా కాదని తేల్చింది. చిటికెడు తీసి సారాయి దీపం మంటలో పెడితే మంట పసుపుపచ్చగా మారింది. ఇచ్చినవాడు సోడియం. సిల్వర్ నైట్రేట్ చుక్క పడగానే నీళ్లు విరిగిన పాలలా తెల్లబడ్డాయి. పుచ్చుకున్నవాడు క్లోరిన్. ఆ పిల్ల కాసేపు పెదవులు కదిపి, "ఇచ్చినోడి పేరు ముందు, ఉన్నదున్నట్టు. పుచ్చుకున్నోడి పేరు కొస మారతాది. సోడియం క్లోరైడండి!" అని అరిచినంత పని చేసింది.

"ఇదంతా ఎవరు నేర్పారే నీకు?" అంది హైమావతి.

"మీరే కదండీ టీచర్గారూ, బంధాల పాఠంలో!"

హైమావతికి కళ్లు చెమర్చాయి. పొద్దుటి గర్వం ఆమెకు ఇప్పుడు గుర్తులేదు. ఛాతీ నిండా ఉన్నది వేరే గర్వం, దానితోపాటు కాస్త సిగ్గు కూడా. వెళ్లి చిన్నమ్మలు సంచీ తెచ్చి ముందు వరసలో పెట్టింది. తన కలమూ జిగురు సీసా ఆ పిల్ల చేతిలో ఉంచి, "చీటీ నువ్వే రాసి అంటించు" అంది.

చిన్నమ్మలు గుండ్రంగా రాసింది. ఇక ఎన్నటికీ ఊడకూడదన్నట్టు వెనక జిగురు దట్టంగా పూయబోయింది.

మాస్టారు అన్నారు: "జిగురు పల్చగా పుయ్యి తల్లీ. వచ్చే ఏడు మళ్లీ ఊడదీయాలి."